విప్పేసిన పెళ్ళికోటు

బస్టాండు, టీకొట్టు
వానలు వెనకపట్టిన వారం

సూదక్కా,

నిలబడి చదువుతుంటే ముందు కూర్చో. నోట్లో గుండుసూదులు ఉంటే తీసి పక్కన పెట్టు. ఎవరేం చెప్పినా నువ్వు సూదులు కరుచుకునే వింటావు. ఈ కబురు అలా వినేది కాదు.

నేను పెళ్ళి చేసుకుంటున్నాను.

నవ్వుకో. నవ్వడం అయ్యాక మిగతాది చదువు. పెళ్ళికొడుకు మన బస్సాయనే. నా ఉత్తరాల్లో ఎన్నేళ్ళనుంచో వస్తూనే ఉన్నాడుగా, పొద్దున్నే బస్సు తీసేముందు నా దగ్గర టీ తాగి, గ్లాసు తనే కడిగి బోర్లించి వెళ్ళే డ్రైవరు. ఆయన భార్య పోయి చాలాకాలమైంది, మా ఆయన పోయి అంతకన్నా ఎక్కువైంది. మొన్న రిటైరయ్యాడు. ఆ మర్నాడు కూడా సరిగ్గా అదే వేళకి వచ్చి నిలబడ్డాడు. "బస్సు లేదుగా, ఎందుకొచ్చారు?" అన్నాను. "టీకి" అన్నాడు. తాగాడు, గ్లాసు కడిగాడు, బోర్లించాడు, కానీ కదల్లేదు. మధ్యాహ్నం దాకా బల్లమీద కూర్చుని చివరికి, "ఇన్నేళ్ళూ నేను వచ్చింది టీ కోసం కాదేమోనండీ" అన్నాడు. చెట్టంత మనిషి, చెవులు ఎర్రగా అయిపోయాయి. అరవై దాటాక నాకు సిగ్గు ఎక్కణ్ణించి వచ్చిందో తెలీదు. పాలు పొంగి స్టవ్వు ఆరిపోయింది.

రిజిస్ట్రారు ఆఫీసులో సంతకాలు, తర్వాత కొట్టు దగ్గర అందరికీ టీ, రొట్టె. చలికాలం మొదట్లో. నీ దగ్గర్నించి నాకు రెండు కావాలి. ఒకటి, నువ్వు కుట్టిన నీలం కోటు. రెండు, నువ్వు. పెళ్ళికూతురి తరఫు సాక్షి సంతకం నీదే. ఆయన తరఫున తమ్ముళ్ళు, మరదళ్ళు, డిపో డిపో అంతా వస్తోంది. నా తరఫున ఎవరున్నారు చెప్పు? ఆ కాగితం మీద మా అమ్మ పేరు, నాన్న పేరు రాస్తారు. వాళ్ళ మొహాలు ఎరిగినదానివి ఈ భూమ్మీద నువ్వొక్కదానివే.

ఇన్నేళ్ళూ నేనే నీ దగ్గరికి వచ్చాను. నువ్వు నా గడప ఒక్కసారీ తొక్కలేదు. ఈసారి మాత్రం నువ్వు రావాలి.

నీ పిచ్చుక


టైలర్ షాపు, మెట్లకింది గది
ఉతికిన బట్టలు ఆరిన రోజు

ఒసేయ్ పిచ్చుకా,

నీ దుంపతెగ. నిలబడే చదివాను, సూదులు కరుచుకునే చదివాను. ఒకటి మింగి ఉంటే పెళ్ళిపనులు మానేసి ఆస్పత్రి చుట్టూ తిరిగేదానివి.

ఆ టైములో పోస్టుమాస్టరుగారి భార్య ఒంటికి ఒకటే చెయ్యి కుట్టిన జాకెట్టుతో అద్దం ముందు నిలబడి ఉంది. నేను పగలబడి నవ్వుతుంటే తన ఒళ్ళు చూసి నవ్వుతున్నాననుకుని మొహం మాడ్చుకుంది. "మీ గురించి కాదమ్మా, మా చెల్లెలికి పెళ్ళి కుదిరింది" అన్నాను. "అయ్యో, మీకంత చిన్న చెల్లెలుందా?" అంది. "ఉంది, ఇంకా పాలపళ్ళు ఊడలేదు" అన్నాను.

నాకెంత సంతోషంగా ఉందో రాయడం నా వల్ల కాదు. పొద్దుట్నించి మిషను తొక్కుతూ పాడుతున్నానట, పక్కింటాయన వచ్చి ఒంట్లో బాగానే ఉందా అని అడిగి వెళ్ళాడు. నీలం గుడ్డ అప్పుడే తీసేశాను. ముదురు నీలం, వేలితో నొక్కితే మళ్ళీ పైకి లేస్తుంది. కొలతలు పంపు. భుజం, ఛాతీ, నడుం, చెయ్యి పొడుగు. పోయినసారి నిన్ను చూసినప్పుడున్న కొలతలు నాకు గుర్తున్నాయి కానీ నీ ఒంటికి గుర్తుండవు, రొట్టెలమ్మే చేత్తోనే తింటావుగా.

ఇక రావడం సంగతి. ఇది స్కూలు యూనిఫాంల సీజను, ఊపిరాడదు. మోకాలు కూడా మొరాయిస్తోంది. పైగా మన పిల్లి ఈనేలా ఉంది, దాన్ని ఒంటరిగా వదలలేను. చూద్దాంలే.

సూదక్క


బస్టాండు, టీకొట్టు
మొదటి చలిగాలి వీచిన రోజు

అక్కా,

కొలతలు పంపుతున్నాను. టేపు లేదు, పురికొస ఉంది. బస్సాయనే కొలిచాడు. ఎంత చోటుంటే బస్సు దూరుతుందో కళ్ళతోనే చెప్పగలిగిన మనిషి, నా భుజం కొలవమంటే పురికొస రెండుసార్లు కింద పడేశాడు. ఛాతీ దగ్గర కళ్ళు గట్టిగా మూసుకున్నాడు. దాంతో ఆ ముడి నా దగ్గర కాకుండా స్టవ్వు గొట్టం చుట్టూ పడింది. మళ్ళీ కొలిపించాను. ఎర్రముడి భుజం, జంటముడి ఛాతీ, వదులుముడి నడుం. నడుం ముడిని నేనే కాస్త ఇవతలికి జరిపాను, నువ్వు మళ్ళీ అవతలికి జరుపుకో.

నీ కుంటిసాకులు కూడా అందాయి. యూనిఫాంల సీజను స్కూళ్ళు తెరిచేముందు కదే, ఇప్పుడు పరీక్షలవుతున్నాయి. పోయినేడాది నొప్పిపుట్టింది ఎడమ మోకాలు, అంతకుముందేడు కుడిది. ఈసారి ఏదో రాయడం మర్చిపోయావు. పిల్లి సంగతంటావా, అది మగపిల్లి. నువ్వే రాశావు, వీధిలో పిల్లులన్నిటితో కొట్లాడి చెవి చింపుకొచ్చిందని.

నిజంగా ఎందుకు రానంటున్నావక్కా? నా మీద కోపమా? ఈ వయసులో ఇదేం పెళ్ళి అని మనసులో ఉంటే చెప్పెయ్, పడతాను.

పిచ్చుక


టైలర్ షాపు
పొగమంచు పొద్దున

పిచ్చుకా,

కోపమేమిటే, పిచ్చిదానా. నీ పెళ్ళికి నాకన్నా సంబరపడేవాళ్ళెవరు? ఆ ముడుల పురికొసని ఇక్కడ గోడకి వేలాడదీశాను. వచ్చినవాళ్ళంతా అదేమిటని అడుగుతుంటే మా మరిదిగారి చేతిరాత అని చెప్తున్నాను.

కోటు పార్సిల్లో వేశాను. కాలరుకి రెండు వరసలు కుట్టాను. కాజాలు చేత్తోనే తీశాను. లైనింగు బూడిదరంగు పట్టు, ఎవరికీ కనపడదు, నీకు మాత్రం ఒంటికి తెలుస్తుంది. ఎడమవైపు లోపల, కుట్టు కలిసేచోట దొంగజేబు పెట్టాను. నేను ఎవరికి ఏం కుట్టినా దొంగజేబు పెడతానుగా, ఊళ్ళో నన్నా పేరుతోనే పిలుస్తారు. నీది మాత్రం సరిగ్గా మా అమ్మ నీ గౌనుకి పెట్టినచోటే పెట్టాను. అందులో ఏం పెట్టుకోవాలి పెద్దమ్మా అని నువ్వడిగితే, "తర్వాత దొరికేది పెట్టుకో" అంది, గుర్తుందా? అప్పుడు మన దగ్గర ఏమీ లేదు మరి.

కోటు వస్తే నేను వచ్చినట్టే అనుకో. సాక్షి సంతకం డిపోలో ఎవరిచేతైనా పెట్టించు. మళ్ళీ అడక్కు తల్లీ.

సూదక్క


బస్టాండు, టీకొట్టు
పార్సిల్ అందిన మర్నాడు

అక్కా,

కోటు అందింది. వేసుకున్నాను. చంక దగ్గర ఒక్క ముడత లేదు, చేతులెత్తినా కింద అంచు కదలడం లేదు. బస్సాయన పైనుంచి కిందిదాకా చూశాడు. తర్వాత వెళ్ళి తన కోటు కూడా ఇస్త్రీకి వేసి వచ్చాడు. నేను దొంగజేబులో చెయ్యి పెట్టుకుని అద్దం ముందు కూర్చుని కడుపునిండా ఏడ్చాను. ఇంత మంచి కోటు నా జన్మలో వేసుకోలేదు.

ఆ తర్వాత దాన్ని మొత్తం విప్పేశాను.

సరిగ్గానే చదివావు. చేతులు, కాలరు, వీపు, లైనింగు, దొంగజేబు, అన్నీ విడివిడిగా బల్లమీద పరిచి ఉన్నాయి. ఒక్క పోగు తెగలేదు, ఒక్క చోట గుడ్డ చిరగలేదు. నా పని నీకు తెలుసు. యుద్ధంలో మనల్ని పెట్టిన ఆ కంచె లోపల, ఆ షెడ్డులో, సిపాయిల పాత కోట్లు విప్పడానికి పిల్లల వేళ్ళే కావాలని మనల్ని కూర్చోబెట్టారు. నాకు ఆరేళ్ళు, నీకు తొమ్మిది. కుట్టంటే ఏమిటో తెలియకముందే విప్పడం నేర్చుకున్నాం. "దారాన్ని లాగకండే, బుజ్జగించండి" అనేది పెద్దమ్మ. ఛాతీ దగ్గర చిల్లు పడ్డ కోట్లన్నీ తనే ముందుగా ఏరి తన కింద పెట్టుకునేది, మన చేతికి రానిచ్చేది కాదు. అది ఎందుకో నాకు పెద్దయ్యాక తెలిసింది. షెడ్డులో అందరికన్నా త్వరగా విప్పేది నేను. అందరికన్నా ఆలస్యం నువ్వు, ఎలా కుట్టారో చూస్తూ కూర్చునేదానివి.

షెడ్డు మేస్త్రీ కోటు గుర్తుందా? పొయ్యి దగ్గర తగిలించి వెళ్తే కుడిచేతి కుట్లన్నీ విప్పేసి, చివర రెండు పోగులు మాత్రం ఉంచాను. మర్నాడు అందర్నీ వరసలో నిలబెట్టి లెక్కపెడుతూ, అరవడానికి చెయ్యెత్తాడు. చెయ్యి పైకి లేచింది, కోటుచెయ్యి కిందికి జారింది. వరస వరసంతా పెదాలు కొరుక్కుని నిలబడ్డాం. వాడు మిలిటరీ దర్జీని తిట్టుకుంటూ పోయాడు. పెద్దమ్మ నన్ను గట్టిగా గిల్లింది, గిల్లుతూనే నవ్వింది. అక్కడ ఆవిడ నవ్వడం నేను చూసింది ఆ ఒక్కసారే. ఆ చలికాలమే కదా ఆవిడ పోయింది.

విప్పడం నాకొచ్చు. కుట్టడం నాకు రాదు, నువ్వెప్పుడూ నేర్పలేదు. పెళ్ళి దగ్గరికొచ్చేసింది, కోటు ముక్కలుగా ఉంది. పార్సిల్ వెనక్కి పంపను. వచ్చి కుట్టు. లేకపోతే ముక్కలు భుజాన వేసుకుని రిజిస్ట్రారు ముందు నిలబడతాను. నీకే పరువు తక్కువ.

పిచ్చుక


టైలర్ షాపు, మెట్లకింది గది
నీ ఉత్తరం అందిన పూటే

పిచ్చుకా,

నీకు బుద్ధిలేదు. ఆ కాజాలు ఎంత కష్టపడి తీశానో తెలుసా? ఒళ్ళు మండిపోయింది. ఉత్తరం బల్లకేసి కొట్టాను. తర్వాత మేస్త్రీ చెయ్యి గుర్తొచ్చి నవ్వొచ్చింది, నవ్వుతూ నవ్వుతూ ఏడుపొచ్చింది. మగపిల్లి భయపడి అల్మారా ఎక్కింది.

సరే, చెప్తాను విను. మోకాళ్ళు రెండూ బాగానే ఉన్నాయి.

యుద్ధంలో మన పేట మొత్తాన్ని, ముసలీ ముతకా చంటిపిల్లలూ అని చూడకుండా, శత్రువులంటూ రైలుపెట్టెలోకి తోశారు కదా. నువ్వు మా అమ్మ ఒళ్ళో నిద్రపోతున్నావు. నేను తలుపుకి ఆనుకుని నిలబడ్డాను. బయటినుంచి గడియ పడింది. ఆ చప్పుడు నా వీపులోంచి దూసుకెళ్ళింది. దారంతా ఆ తలుపుని నెడుతూనే ఉన్నాను, ఎవరైనా తీస్తారేమోనని.

ఇంకొకరు మూసే తలుపు వెనక నేను కూర్చోలేనే. రైలే కాదు, ఏ బండైనా సరే. నా గదికి తలుపు లేదు, పరదా ఉంది. గాలి కోసమని నీకు చెప్పాను. నీ మొదటి పెళ్ళికి బయల్దేరాను, తెలుసా? బట్టలు సర్దుకుని బస్సెక్కి కూర్చున్నాను. కండక్టరు తలుపు వేశాడు. నేను లేచి రెండు చేతులతో ఆ తలుపుని బాదానట. దింపేశారు. జనమంతా చూశారు. అప్పణ్ణించి మోకాలు, సీజను, పిల్లి.

నీకెందుకు చెప్పలేదంటావేమో. నువ్వు ఎగురుతూ వస్తావు, ఎగురుతూ పోతావు. అదే పెట్టెలోంచి వచ్చినదానివి, నీకు లేని భయం నాకేమిటని సిగ్గేసింది. నీ పక్కన నిలబడాలని నాకు మాత్రం ఉండదా? నాకూ నీ తరఫున సంతకం పెట్టాలనే ఉంది. కాళ్ళే రావడం లేదు.

సూదక్క


బస్టాండు, టీకొట్టు
నీ ఉత్తరం చదివిన వెంటనే

అక్కా,

భయం లేదని ఎవరన్నారు? వరసలో నిలబడాలంటే నాకు ఇప్పటికీ చెమటలు పడతాయి. కొట్టు ఎందుకు పెట్టాననుకున్నావు? బల్లకి ఇవతల నేనొక్కదాన్నే ఉంటాను, వరస అవతలివాళ్ళది.

నిన్ను ఇంక నేనేమీ అడగను. నీ ఉత్తరం బస్సాయనకి చదివి వినిపించాను, కోప్పడకు. కింద ఆయన రాస్తానంటున్నాడు.

పిచ్చుక

వదినగారికి నమస్కారం. నాకు ఉత్తరాలు రాయడం రాదు, బస్సు నడపడం వచ్చు. డిపోవాళ్ళు నా పాత బస్సు ఒకపూట ఇస్తామన్నారు. ఆ బస్సు తలుపుకి మీట డ్రైవరు పక్కన ఉంటుంది. ఆ పక్కసీట్లో మీరు కూర్చోండి. మీట మీ చేతిలో ఉంటుంది, నేను ముట్టుకోను. దారంతా తీసే ఉంచమంటే తీసే ఉంచుదాం. దుమ్ము పడుతుంది, చలేస్తుంది, అంతకన్నా ఏమీ కాదు. బస్సు నాది, తలుపు మీది. మీరు దిగిపోతానంటే దిగిపోవచ్చు, నేను ఇంకో రోజు మళ్ళీ వస్తాను. రిటైరయ్యాను కదా, నాకు వేరే పనేముంది.


టైలర్ షాపు

మరిదిగారికి,

బస్సు మా వీధిలోకి తేకండి, మలుపులో ఆపండి. నేనే నడిచొస్తాను. సగం దూరం వచ్చి వెనక్కి తిరిగితే ఏమీ అనుకోకండి, హారను కొట్టకండి. కత్తెర, సూదులు, నీలం దారం నేనే తెస్తాను. ఆ పిచ్చుకతో చెప్పండి, ఒక్క ముక్క మీద టీమరక పడినా ఊరుకునేది లేదు.

సూదక్క


టైలర్ షాపు, మెట్లకింది గది
ఇల్లు చేరిన మర్నాడు

పిచ్చుకా, కొత్త పెళ్ళికూతురా,

ఎలా ఉన్నావే? కోటు ఎడమచేతికి కచ్చాకుట్టు తెల్లదారం ఇంకా అలాగే ఉంది, తియ్యకు, మళ్ళీ వచ్చినప్పుడు నేనే తీస్తాను. పెళ్ళిరోజు పొద్దున దాకా కుట్టినా టైము చాలలేదు. చాలదు మరి, నువ్వు పక్కన కూర్చుని కబుర్లు చెప్తుంటే సూదిలో దారం ఎక్కుతుందా? అయినా నా చేతిపని ఎవరిమీదైనా సగం కుట్టుతో బయటికి వెళ్ళింది ఇదే మొదటిసారి. రిజిస్ట్రారు నీ చేతి వంకే చూస్తున్నాడు. ఇది కొత్త ఫ్యాషనండీ అని చెప్పాను, నమ్మాడు.

సంతకం తడుముకోకుండా పెట్టేశాను. మీ అమ్మానాన్నల పేర్లు అతను పైకి చదివాడు చూడు, అప్పుడు మాత్రం కళ్ళు కనపడలేదు. మీ అమ్మ నవ్వితే ఒకవైపే సొట్ట పడేది. ఆ రోజు నీకూ పడింది. నీకు చెప్పాలనుకుని మర్చిపోయాను.

నన్ను తీసుకొచ్చిన రోజు దారిలో ఏం జరిగిందో మరిదిగారు నీకు చెప్పి ఉండరు. ఆ మీట పట్టుకుని కూర్చున్నానా, ప్రతి మలుపులో ఒకసారి తలుపు తీసి చూస్తున్నాను. చూసి వేస్తున్నాను. దారిలో నిలబడ్డ జనం ఏమనుకుంటారు? మామూలు బస్సే, మన కోసమే తలుపు తీస్తున్నారనుకుని ఎక్కడం మొదలుపెట్టారు. మూటలు, గొడుగులు, ఒకావిడ కుట్టుమిషనుతో సహా ఎక్కేసింది. ఇది పెళ్ళిబస్సు అని చెప్పమంటే మీ ఆయన, "తలుపు వదినగారి డిపార్టుమెంటు" అని నవ్వుతూ నడుపుతున్నాడు. నేనెలా దింపుతాను, ఎక్కినవాళ్ళని? కండక్టరునైపోయాను. జరగండి, లోపలికి జరగండి అని అరిచాను. ఎక్కినవాళ్ళకీ దిగినవాళ్ళకీ తలుపు తియ్యడం, వెయ్యడం, తియ్యడం. సగం దారికల్లా అది తలుపన్న సంగతే మర్చిపోయాను. ఆ రోజు నీ కొట్టు ముందు దిగి టీలన్నీ తాగేసినవాళ్ళు ఆయన చుట్టాలనుకున్నావు కదూ, వాళ్ళెవరో మాకూ తెలీదు.

ఇక తిరుగు ప్రయాణం. ఆయన దిగబెడతానంటే వద్దన్నాను. మామూలు బస్సే ఎక్కుతానంటే మీరిద్దరూ మొహమొహాలు చూసుకున్నారు. నేను చూశాను. నువ్వు నా చెయ్యి వదలకుండా కిటికీలోంచి పట్టుకుని బస్సుతోపాటు నడిచావు.

కండక్టరు తలుపు వేశాడు. చప్పుడైంది. అదే చప్పుడు. లేచి తలుపు దగ్గరికి వెళ్ళాను. బాదలేదు. "బాబూ, ఒకసారి తియ్యి" అన్నాను. తీశాడు. "దిగుతారా అమ్మా?" అన్నాడు. "లేదు, తెరుచుకుంటుందా అని చూశాను, వేసెయ్" అన్నాను. నన్ను ఎగాదిగా చూసి వేశాడు. పాపం, అతనికేం తెలుసు. వచ్చి కూర్చున్నాను. నువ్వు నా శాలువాకి లోపల వంకరటింకరగా కుట్టిన దొంగజేబు ఉంది చూడు, అందులో టిక్కెట్టు పెట్టుకున్నాను. నా జన్మలో ఇంత దరిద్రమైన కుట్టు చూడలేదు. ఈ ఒక్కదాన్నీ విప్పనులే.

ఆ తర్వాత ఏం జరిగిందో నాకు తెలీదు, నిద్రపోయాను.

తలుపేసిన బండిలో, పిచ్చుకా, నోరు తెరుచుకుని నిద్రపోయాను. మా ఊరొచ్చింది, పోయింది. చివరి స్టాపులో కండక్టరు తట్టి లేపాడు. ఎప్పుడూ వినని ఊరు. తిరిగి వెళ్ళే బస్సు సాయంత్రానికి గానీ లేదట. కంగారు పడతాననుకున్నాను, పడలేదు. ఊరంతా తిరిగాను. బట్టల కొట్టు ముందు నిలబడి కోట్ల కుట్లు చూసి పెదవి విరిచాను. ఎండలో బల్లమీద కూర్చుని టీ తాగాను. చెప్తే ఏడుస్తావు కానీ, నీ టీ కన్నా బాగుంది.

మీ సూదక్క